శుక్రవారం వంతు

నువ్వు రాలేదు. పార్కు మూలలో కూచునే వాళ్ళంతా వచ్చారు, మోకాళ్ళు వంగనివాళ్ళు కూడా కర్ర పట్టుకుని వచ్చారు, నువ్వు రాలేదు. ఇక్కణ్ణుంచి శ్మశానానికి సైకిలు మీద పది నిమిషాలు కాదూ అన్నయ్యా? పోనీ ఆ శవం బండి నీ కొట్టు ముందునుంచే కదా వెళ్ళింది. తలెత్తావా? ఆ పంక్చరు ట్యూబులోంచి ఒక్కసారైనా తలెత్తి చూశావా?

లేదులే, పని ఆపకు. చేతులు కదుపుతూనే ఉండు. నువ్వు నా మొహంలోకి చూడకపోతేనే నాకు తేలిక.

నివాల్దో బాబాయి పేరెత్తొద్దన్నావు. ఐదేళ్ళ కింద, ఇదే గుమ్మంలో నిలబడి. ఎత్తానా? ఒక్కసారైనా ఎత్తానా? ఇవాళ ఎత్తుతాను. మనిషిని పాతిపెట్టి వస్తున్నాను, ఇవాళైనా ఎత్తకపోతే ఎలా.

అక్కడ ఏం జరిగిందో చెబితే నువ్వు నవ్వుతావు. బండి గేటు దగ్గర ఆగింది, పెట్టె దింపారు, ఎవరు ఎక్కడ పట్టాలని గొడవ మొదలైంది. మన సెలూన్ ఎర్మినియో లేడూ, ముప్పై ఏళ్ళు బాబాయితో రోజూ పోట్లాడినవాడు, వాడు ముందుకొచ్చి వరస వేశాడు. "మొదటివాడు చురుగ్గా అడుగెయ్యాలి. రెండోవాడు వాడితో కలిసి నడవాలి. బలమున్నవాణ్ణి నాలుగులో పెట్టండి. నువ్వు తొమ్మిదో నంబరు, నీ నడుము సంగతి నాకు తెలుసు, వెనక రా."

"మోసేది ఆరుగురేనయ్యా, తొమ్మిదోవాడు ఎక్కణ్ణుంచొచ్చాడు?" అన్నారెవరో.

"నివాల్దో జట్టులో తొమ్మండుగురు లేకుండా ఆట ఎప్పుడైనా మొదలైందిట్రా?" అన్నాడు ఎర్మినియో. అని, టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

శవపేటికకి బేస్‌బాల్ బ్యాటింగ్ వరస వేశారన్నయ్యా. బాబాయి భార్య కూడా నవ్వింది, ఏడుస్తూనే. తొమ్మండుగురే మోశారు చివరికి. ముగ్గురికి పట్టుకోడానికి చోటు లేదు, ఊరికే చెయ్యి ఆనించి నడిచారు.

నన్ను ఆ మూలకి తీసుకెళ్ళింది నువ్వే, గుర్తుందా? నాకు పదమూడు. పార్కులో ఆ రెండు బెంచీలు, వాటి చుట్టూ చెమటలు కారుతూ అరుచుకునే మగాళ్ళు. కొట్టుకు చస్తున్నారేమో అనుకున్నాను. "కొట్టుకోవడం కాదే, శుక్రవారం ఎవరు విసరాలో తేల్చుకుంటున్నారు. దీన్నే వేడిమూల అంటారు" అన్నావు నువ్వు.

ఒకసారి ఆట మొత్తం బంతులు విసిరిన చెయ్యి నాలుగైదు రోజులు తేరుకోవాలి, అందుకని విసిరేవాళ్ళకి వంతులు. శుక్రవారం ఒకడు, శనివారం ఒకడు, ఆదివారం ఇంకొకడు. అది జట్టు మేనేజరు పని. కానీ ఊరంతా మేనేజర్లే కదా మనకి. బియ్యం లేకపోయినా, కరెంటు పోయినా, శుక్రవారం ఎవరిదన్నది తేలకుండా ఎవడూ ఇంటికెళ్ళడు.

నేను బడిలో నేర్చుకోని లెక్కలన్నీ అక్కడ నేర్చుకున్నాను. రేడియో విని నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. ఎవడు ఎండలో బాగా విసురుతాడు, ఎవడు ఆరో ఇన్నింగ్స్‌కి అలిసిపోతాడు. మూడేళ్ళు ఎవడూ నా మాట వినలేదు. బాబాయి ఒక్కడే, "ఆగండ్రా, దైలేనిస్ ఏదో అంటోంది" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం వారమంతా రాసుకునేదాన్ని.

నీకు వంపు బంతి విసరడం నేర్పిన చెయ్యి కూడా ఆయనదే. గట్టిపడిన నారింజకాయ మీద నీ వేళ్ళు పెట్టి, ఇలా, మణికట్టు తిప్పి. నువ్వు మర్చిపోవాలనుకున్నా నీ వేళ్ళు మర్చిపోలేదు, చూస్తున్నాను కదా, ఆ ట్యూబుని కూడా అలాగే తిప్పుతున్నావు.

సరే.

మెక్సికో వెళ్ళే జట్టులో నీ పేరు వచ్చింది. వెళ్ళి, ఇక తిరిగి రాకూడదనుకున్నావు, తెలిస్తే పైవాళ్ళు వదలరని తెలిసీ. హోటల్ వెనక తలుపులోంచి బయటికి, అక్కడ ఎవరో కారు తెస్తారు, తర్వాత పెద్ద ఆటలు, పెద్ద మైదానాలు. ఈ సంగతి ఇద్దరికే చెప్పావు. ఆదివారం నాకు, ఆ మర్నాడు బాబాయికి. గురువారానికి పైవాళ్ళు లిస్టులోంచి నీ పేరు కొట్టేశారు. రెండేళ్ళు మైదానంలోకి అడుగు పెట్టొద్దన్నారు. "మీ మూలలోనే మాట బయటపడింది" అన్నారు, ఇంకేం చెప్పలేదు.

నువ్వు నేరుగా మూలకొచ్చావు. గ్లవ్ తీసి ఆయన మొహం మీదికి విసిరావు. కళ్ళజోడు కింద పడింది. "ఇద్దరికి చెప్పాను. అందులో ఒకత్తి నా చెల్లెలు" అన్నావు.

ఆయన వంగి, కళ్ళజోడు వెతుక్కుని, చొక్కా కొసతో తుడిచి పెట్టుకున్నాడు. "నేనేరా ఓస్నియెల్, నా నోరే జారింది" అన్నాడు.

పన్నెండుమంది ఉన్నారక్కడ. ఒక్కడూ మాట్లాడలేదు. నీకది వింతగా అనిపించలేదా అన్నయ్యా? ఆ మూలలో, ఆ పన్నెండుమందీ ఒకేసారి నోరు మూసుకోవడం?

నేనూ ఉన్నాను. బెంచీ కొసన. నువ్వు నా చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చావు. దారంతా నా చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత ఈ కొట్టు పెట్టావు. రెండేళ్ళకి మళ్ళీ రమ్మన్నారు, నువ్వు వెళ్ళలేదు. భుజం చల్లారిపోయిందన్నావు. నేను మాత్రం రోజూ మూలకి వెళ్ళి అరిచేదాన్ని. నువ్వు తిట్టేవాడివి, ఆ ద్రోహి పక్కన ఎలా కూచుంటావే, నీకా ఆట పిచ్చి ఎప్పుడు వదులుతుందే అని. పిచ్చి అనుకున్నావు. అదీ చెబుతాను.

ఇదిగో, ఈ అట్ట చూడు. సిగరెట్టు పెట్టె అట్ట. బాబాయి వంతులన్నీ వీటి మీదే రాసేవాడు, ప్రతి వారం ఒకటి. ఆఖరి చొక్కా జేబులో ఉందని ఆయన భార్య నా చేతిలో పెట్టింది. చేతులు నల్లగా ఉన్నాయంటావా, ముట్టుకోకు, నేను పట్టుకుంటాను, చదువు.

శుక్రవారం: ఓస్నియెల్.

ఐదేళ్ళూ ఇంతే రాశాడు. వారం వారం. ఎర్మినియో ఏడిపించేవాడు, "నీ శుక్రవారం వాడు టైర్లకి గాలి కొడుతున్నాడు ముసలాడా, ఇంకొకణ్ణి వెతుక్కో" అని. బాబాయి తలెత్తకుండా రాసుకునేవాడు. "వాడి వంతు వాడిదే. రాని రోజున మనం ఓడిపోతాం, అంతే" అనేవాడు.

నిన్ను అమ్మేసినవాడు చేసే పనేనా ఇది? నువ్వే చెప్పు.

నువ్వు ఆయనకి చెప్పిన మర్నాడు, ఆ మంగళవారం, మూలలో ఏం జరిగిందని నువ్వు ఎప్పుడూ ఎవర్నీ అడగలేదు. ఆయన నేనే అన్నాడు, నీకు చాలిపోయింది. నాకూ చాలిపోయింది.

మెక్సికో నుంచి జట్టు వచ్చాక తొలి శుక్రవారం ఎవరు విసరాలి, అదీ ఆ రోజు గొడవ. "ఓస్నియెల్. ఇంకో మాట లేదు" అన్నాడు ఎర్మినియో. నేను యోస్వెల్‌ని పెట్టమన్నాను, ఆ ఎడంచేతివాణ్ణి.

"అన్నని కూచోబెట్టే చెల్లెల్ని ఇప్పుడే చూస్తున్నాను. ఏం పిల్లా, వాడు నీకు రావాల్సిన మాంసం ముక్క తినేశాడా?" అన్నాడు ఎర్మినియో.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అప్పటికి.

"చెయ్యేమైనా నొప్పా వాడికి?" అన్నారు ఇంకొకరు.

"నొప్పి కాదు."

"మరి?"

"యోస్వెల్‌ని లెక్కలోకి తీసుకోండి, అంతే. చెబితే మీకు అర్థం కాదు."

"అర్థం కానిది చెప్పడం మీ ఆడవాళ్ళకి అలవాటేగా. వెళ్ళు, వెళ్ళి కర్రపెండలం చెక్కు తీసుకో, శుక్రవారం సంగతి మగాళ్ళు చూసుకుంటారు" అన్నాడు ఎర్మినియో.

బాబాయి నా వైపు చూసి చెయ్యి ఊపాడు, వదిలెయ్యి అన్నట్టు. ఆయనకి తెలుసు కదా. ముందురోజే చెప్పావు కదా ఆయనకి.

నేను వదల్లేదు.

నాకు గెలవాలనిపించింది అన్నయ్యా. అంతే. ఎవరో నన్ను బెదిరించారనో, డబ్బాశ చూపారనో, అలాంటిదేదైనా ఉంటే నీకు చెప్పుకోడానికి బాగుండేది. ఏమీ లేదు. ఎనిమిదేళ్ళు ఆ బెంచీ కొసన కూచున్నాను. ఆ ఒక్క రోజు, వాళ్ళందరికీ తెలీనిది నాకు తెలుసు. అది నోట్లో ఉంటే ఎలా ఉంటుందో నీకు తెలీదు. నువ్వు గుర్తు లేవు. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వేనన్నది గుర్తు లేదు.

"శుక్రవారానికి వాడు ఈ దేశంలో ఉంటే కదా, వంతు వెయ్యడానికి."

అన్నాను. నేనే అన్నాను. ఈ నోటితోనే.

గెలిచాను. ఆ మూలలో నాకు మొదటిసారి చెట్ల మీద పిట్టలు వినపడ్డాయి. అప్పుడు తెలిసింది నాకు ఏమన్నానో.

బాబాయి చటుక్కున లేచాడు. "ఈ దేశంలో అంటే మంచం మీద అనిలే. భుజం పట్టేసింది వాడికి, నాతో చెప్పాడు. అదంతా ఎందుకు, ఎర్మినియో, బ్యాటింగ్‌కి మొదట ఎవర్ని దింపుతావు? ఆ నత్తగాణ్ణేనా మళ్ళీ?" అని అరిచాడు. ఎర్మినియోకి అర్థమైంది. వాడూ అరిచాడు. తొమ్మిది మంది పేర్లూ ఒక్కొక్కటే పట్టుకుని గంటసేపు అరుచుకున్నారు ఇద్దరూ, గొంతులు పోయేదాకా. నా మాట మీద మట్టి కప్పడానికి.

కప్పలేకపోయారు. ఎవరో ఆ మాట పైవాళ్ళకి మోశారు. ఎవరన్నది నాకీనాటికీ తెలీదు. నోరు నాది, చెవి ఎవరిదో.

నువ్వు గ్లవ్ విసిరిన సాయంత్రం ఆయన ఇంటికెళ్ళాను. కాళ్ళ మీద పడ్డాను. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తానన్నాను. ఆయన కాఫీ పోసి నా ముందు పెట్టాడు. "నీకు వాడొక్కడే తల్లీ. వాడికీ నువ్వొక్కదానివే. నాకు ఆ మూలంతా ఉంది" అన్నాడు. మూలలో వాళ్ళకి ఏం చెప్పాడో తెలుసా? "ఓస్నియెల్‌కి ఎవడైనా నిజం చెబితే, వాడితో జన్మలో ఆట గురించి మాట్లాడను" అన్నాడట. దానికే భయపడ్డారు. నోట్లో మాట ఆగని ఆ పన్నెండుమందీ ఐదేళ్ళు ఆపుకున్నారు.

నన్ను మాత్రం రోజూ రమ్మన్నాడు. "నువ్వు రావడం మానేస్తే వాడికి అనుమానం వస్తుంది, వచ్చి అరుస్తూ ఉండు" అన్నాడు. వచ్చి అరిచాను. శుక్రవారం అన్న ప్రతిసారీ అందరికంటే గట్టిగా అరిచాను. నువ్వు చూసిన పిచ్చి అదీ.

చెప్పొద్దన్నాడు. "నేను బతికున్నంతకాలం" అని కాదు, "ఎప్పటికీ" అన్నాడు. ఆ మాట కూడా నిలబెట్టుకోలేకపోయాను చూడు. నా నోటి సంగతి ఆయనకి తెలియందా.

ఇందాక శ్మశానం నుంచి అందరం మూలకే వెళ్ళాం. ఎవరూ కూచోలేదు. ఆయన కూచునే చోటు వదిలేసి నిలబడ్డారు. ఎర్మినియో నావైపు తిరిగి అడిగాడు. "దైలేనిస్, శుక్రవారం ఎవరే?" అని. వెటకారం లేదు. నిజంగా అడిగాడు. పదమూడేళ్ళప్పటినుంచీ నేను ఎదురుచూసిన ప్రశ్న.

ఈ అట్ట పట్టుకుని ఇటు వచ్చేశాను.

చేతులు ఆపేశావేం. ఏదో ఒకటి అను.

సరే, అనకు.

శ్మశానం గేటు ఆరింటిదాకా తీసే ఉంటారు. లోపలికి వెళ్ళి ఎడంవైపు, గోడ పక్కన, పూలు వాడకుండా ఉన్న సమాధి ఇవాళ అదొక్కటే. ఈ అట్ట తీసుకెళ్ళు. నేను ఇక్కడ కూచుంటాను. ఎవరైనా వస్తే గాలి కొట్టి పంపిస్తాను.

తిరిగొచ్చాక నన్ను వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోతాను. ఏమీ అనకపోయినా సరే. ట్యూబు ముంచే ఆ గిన్నె ఇటు జరుపు, నీళ్ళు నల్లబడిపోయాయి, మారుస్తాను. బుడగ ఎక్కణ్ణుంచి వస్తోందో ఇందులో ఇంకేం కనబడుతుంది.