బాపు చెప్పిన నవ్వుల సీరియల్

బాపు సంవత్సరీకం అయిన మర్నాడు, ఆయన మస్కట్ నుంచి తెచ్చిన పాత ఇంగ్లీషు నవ్వుల సీరియల్ డీవీడీని కూతురు భూమిక బయటికి తీసి టీవీలో పెట్టింది. అవ్వ ఎప్పటిలాగే చాట ఒళ్ళో పెట్టుకుని, తల వంచి బీడీలు చుడుతోంది.

"ఇగ సూడు బిడ్డా, గా దొర వంటాయన్ని స్టోర్ రూముల ఏసి తాళం పెడ్తడు."

"గట్లేం లేదవ్వా. దొర టోపీ ఎతుకుతుండు. వంటాయన చాయ పోస్తుండు."

"జర ఆగు. రెండు దినాలు అన్నం పెట్టడు. పాస్‌పోర్టు గుంజుకొని బీరువల దాస్తడు."

"అవ్వా, టోపీ దొర నెత్తి మీదనే ఉంది. గందుకే గా నవ్వుడు. గీ కథ నీకెవలు చెప్పిన్రు?"

"ఇంకెవలు, మీ బాపే. ఛుట్టీ మీద ఇంటికొచ్చినప్పుడల్ల పెట్టుకొని సూసేటోడు. నా కండ్లు ఆకు మీదుండె, ఆయన చెప్తుంటే ఇనేదాన్ని."

భూమిక రిమోట్ నొక్కి బొమ్మ ఆపేసింది. పదకొండేళ్ళు మస్కట్‌లో ఒక ఇంట్లో వంట చేసిన బాపు, ఆ ఇంటి ముచ్చట ఒక్కనాడూ ఎత్తలేదు.

"ఎందుకు ఆపినవ్?"

"అవ్వా, గీ సీరియల్ల స్టోర్ రూము లేదు. పాస్‌పోర్టు లేదు. మొత్తం సూసిన నేను."

అవ్వ చేతిలో బీడీ సగంలోనే విడిపోయి, తంబాకు చాటలో రాలింది.

"నవ్వుకుంటనే చెప్పిండు బిడ్డా."

"బాపు గట్లనే చెప్తడవ్వా."

"గా తాళం ముచ్చట మల్లొక్కపాలి చెప్పుమని, అడిగి అడిగి నవ్విన నేను."