ఓడ మీద అన్నీ బాగున్నాయన్నాడు

"అమ్మమ్మా, తాతా నువ్వూ ఓడ మీద పదిహేను రోజులూ ఏం చేశారో మొదట్నించీ చెప్పు. ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను."

ఏటి, ఆ ఎర్ర సుక్క ఎలుగుతంటే మన మాటలు లోపలికి ఎల్తన్నట్టేనా? ఎవులికి పంపుతావిది? మీ అమ్మకా? ఎవులికీ పంపనని నా మీద ఒట్టెయ్యి. ఆఁ, అయితే సెప్తాను. ఆ తలుపు కొంచెం దగ్గరగా ఎయ్యి, మీ తాత యార్డు నించి ఏ టయానికొత్తాడో తెలీదు.

మొదట్నించీ అంటే మరి ఓడెక్కకముందు నించీ సెప్పాలి. మీ తాత నాకు మేనత్త కొడుకు, తెలుసు గదా, ఇప్పటికీ బావా అనే పిలుత్తాను. ఆయన పని బెల్లం రుచి సూడ్డం. మన అనకాపల్లి బెల్లం యార్డుకి రైతులు దిమ్మలు తెత్తారా, షావుకారు కొనేముందు మీ తాత ఓ సిన్న ముక్క ఇరిసి, ఎలుగులో సూసి, నాలిక మీదెట్టుకొని, ఇది మొదటి రకం, ఇది రెండో రకం అని సెప్తాడు. ఉప్పు నేలలో పండిన సెరుకైతే ఇట్టే పట్టీసేవోడు. నలభై అయిదేళ్లు ఆ నాలిక మీదే మా కాపురం నడిసింది.

ఆ నాలికతోటే నన్నూ ఏపుకుతిన్నాడనుకో. ముద్ద నోట్లో ఎట్టుకోగానే, "ఉప్పు రవ్వంత ఎక్కువైందే", "ఇంగువ మాడింది", "ఈ పప్పు పాతది". పెళ్లైన కొత్తలో మా అమ్మ బుచ్చయ్యపేట నించి బస్సు మీద వచ్చింది, అప్పుడు టిక్కెట్టు అర్ధ రూపాయి, కాదు కాదు, పావలాయే, మా అమ్మ సున్నుండలు పట్టుకొచ్చింది. ఈయన ఒకటి కొరికి, "అత్తా, మినుములు ఓ గరిటెడు మాడేయి" అన్నాడు. మా అమ్మ పోయేవరకూ మళ్లీ ఈ ఇంటికి సున్నుండ పంపలేదు.

ఏటి సెప్తన్నాను? ఆ, ఓడ. అలాంటి మనిషి, బెల్లం సీజను మద్దిలో, బళ్లకి బళ్లు దిగుతన్న రోజుల్లో ఇంటికొచ్చి, "ఓలే, ఓడెక్కుదాం, నిన్నెక్కడికీ తీసికెల్లలేదు గదా, టిక్కెట్లు తీసీసేను" అన్నాడు. సింహాసలం తప్ప నన్నెక్కడికీ తిప్పని మనిషి. సీజన్లో సొంత సెల్లెలి పెళ్లికే తాళి కట్టే టయానికొచ్చి, బోయినం సేసి యార్డుకి ఎల్లిపోయిన మనిషి. నాకు అప్పుడే అనుమానం కొట్టింది. రోగమేదైనా వచ్చిందా, డాక్టరు ఇన్ని రోజులని సెప్పేడా, లేపోతే ఎక్కడైనా మరోదాన్ని ఎట్టేడా... నవ్వకు. డెబ్బై ఏళ్లొచ్చేయని మొగోడ్ని నమ్మీయాలని ఎక్కడైనా రాసున్నాదా?

సరే, వైజాగ్‌లో ఇమానం ఎక్కి సింగపూర్ ఎల్లేం, అక్కడ ఓడెక్కేం. ఎక్కగానే మా పాస్‌పోర్టులు వాళ్ల దగ్గరే ఎట్టీసుకున్నారు. ఎందుకండీ అంటే రూలట. తాళం లేదు, తలుపుకో కార్డు. మూడు పూటలా తిండి, మద్దిలో ఐస్‌క్రీము, ఎంత తిన్నా అడిగీవోడు లేడు. ముందే డబ్బు కట్టేసేం గదే అంటాడు మీ తాత. కట్టినా గానీ అంత ఎవులెడతారు? పైగా ఓ కుర్రోడు రోజూ గది తుడిసి, తువ్వాలుతో ఏనుగు సేసి మంచం మీద ఎట్టెల్లిపోయీవోడు. ఓ రోజు హంస, ఓ రోజు కోతి. పనీ పాటా లేకుండా ఎవుడైనా తువ్వాలుతో కోతిని సేత్తాడా? గది సోదా సేసి, అది తెలీకుండా బొమ్మ ఎట్టెల్తన్నాడని నా నమ్మకం. నా నల్లపూసలు రవికలోనే దాసుకున్నాను పదిహేను రోజులూ.

కానీ వాళ్ల మీద అనుమానం ఒక లెక్క, మీ తాత మీద అనుమానం ఒక లెక్క. బోయినాల హాల్లో కూకుంటామా, వాళ్లు సప్పిడి బంగాళాదుంపలు, ఉప్పూ కారం లేని సాంబారు ఎట్టీవోరు. నాకు ముద్ద దిగీది కాదు. ఈయన గిన్నె నాకి మరీ, "బాగుందే" అనీవోడు. పులిసిపోయిన పెరుగు, బాగుంది. రబ్బరులాటి ఇడ్లీ, బాగుంది. మా అమ్మ సున్నుండకి వంకెట్టిన నోరు. తప్పు సేసినోడే ఇలగ మెత్తబడిపోతాడు, ఏదో దాత్తన్నాడు అనుకున్నాను.

ఓడ ఆగిన ప్రతి ఊళ్లో దింపి, రొమ్ముకి ఓ నంబరు కాయితం అంటించి, సంతలో పశువుల్లాగ బస్సెక్కించి ఊరు సూపించీవోరు. మొదట పినాంగు. కొండ మీద గుడి దగ్గర దింపేరు. "ఓలే, నువ్విక్కడే కూకో, బాత్‌రూమ్‌కెల్లొత్తాను" అని ఎల్లి గంటకొచ్చేడు. సెమటలు. ఏటి బావా అంటే, దారి తప్పేనన్నాడు. తరవాత పుకెట్. అక్కడా అంతే, బాత్‌రూమ్, గంట, సెమటలు. ఈసారి జేబులో రుమాలు మూట. గదికెల్లగానే సూట్‌కేసు అడుగున దోపీసేడు.

మర్నాడు ఆయన నీళ్లోసుకుంటంటే తీసి సూసేను. కాయితంలో రెండు గోధుమ రంగు ముక్కలు. నాటు మందేమో అనుకున్నాను. వాసన సూసేను. బెల్లం. ఒకటి కొబ్బరి కల్లుతో ఒండింది, ఇంకోటి తాటిదో ఏటో. మరి బెల్లం పెళ్లాం దగ్గర దాయడం ఏటే? మన ఇంట్లో బెల్లానికి కరువా?

కొలంబోలో దిగినప్పుడు నాను ఊరుకోలేదు. బాత్‌రూమన్నాడు, సరే ఎల్లన్నాను, కొంగు నెత్తి మీదేసుకొని ఎనకాలే ఎల్లేను. సందులో ఓ కొట్టు, కొట్లో ఓ ఆడమనిషి, నా ఈడుదే, బాగానే ఉన్నాది. ఓహో అనుకున్నాను. ఆవిడ ఓ బెల్లం ముక్క ఇచ్చింది. మీ తాత ఇరిసేడు, ఎలుగులో సూసేడు, ఏలితో రాసేడు, నాలిక మీదెట్టుకొని కళ్లు మూసుకున్నాడు. అలగే నిలబడిపోయేడు. ఇంకో ముక్క అడిగేడు. మళ్లీ కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిసినప్పుడు ఆ మొహం సూడాలి. పరీచ్చ పోయిన పిల్లోడి మొహం. నాను ఎనక్కొచ్చి బస్సులో కూకున్నాను.

మర్నాడు పొద్దున్న కాఫీ నానే కలిపేను. పంచదార బదులు బల్ల మీదున్న ఉప్పు పొట్లాలు మూడు సింపి ఏసేను. తాగేడు. సగం తాగి, సముద్రం ఏపు సూత్తా, "బాగుందే" అన్నాడు.

నాకు ఏడుపొచ్చీసింది. "ఉప్పేసేను బావా" అన్నాను. కప్పులోకి సూసేడు. మిగతాది కూడా తాగీసి, "ఏసేవు గదా, పారబోత్తామేటి" అన్నాడు. అప్పుడు సెప్పేడు. దసరాకి ముందు జొరం వచ్చింది గదా, జొరం తగ్గింది గానీ నాలిక మీదకి రుసి రాలేదట. డాక్టరు, వత్తే రావచ్చు లేపోతే లేదన్నాడట. యార్డులో మన బుచ్చయ్యపేట రైతు తెచ్చిన ఉప్పు బెల్లాన్నే ఈయన మొదటి రకమనీసేడు. కొన్నోళ్లు దాన్ని తిప్పి పంపీసేరు. షావుకారు తిట్టలేదట, భుజం మీద సెయ్యేసి, "పెద్దోళ్లయిపోయేరు" అన్నాడట. అది తట్టుకోలేకపోయేడు. సీజన్లో ఇంట్లో కూకుంటే నాను అడుగుతానని ఓడెక్కించేడు. ఎప్పుడూ తినని బెల్లమైతే నాలిక లేత్తాదేమోనని దిగిన ఊరల్లా ఎతికేడు. నలభై అయిదేళ్లు పక్కలో ఉన్నదానికి సెప్పలేదే. నాకు కోపమూ వచ్చింది, జాలీ వచ్చింది. ఇంకో ఆడమనిషి అయినా బాగుణ్ణనిపించింది ఆ క్షణం.

"నా నాలిక ఉన్నాది గదా బావా" అన్నాను. అంతే. ఇప్పుడు మళ్లీ యార్డుకెల్తన్నాడు, రోజూ ముక్కలు కాయితంలో సుట్టుకొని ఇంటికొత్తాడు. రంగు, గట్టితనం ఆయన సూత్తాడు, రుసి నాను సూత్తాను. నలభై అయిదేళ్లు తిట్లు తిని నేరిసిన రుసి, ఊరికే పోతాదేటి? యార్డులో మాత్రం ఈ ముసిలోడు ఇన్నిసార్లు ఇంటికెందుకెల్తన్నాడని ఓ కన్నేసేరట. ఏసుకోనీ. ఆ ముక్క మాత్రం ఫోన్‌లోంచి తీసీ.

రోజూ కాఫీ ఇచ్చి మొహం సూత్తాను. "బాగుందే" అంటాడు. ఆ మాటింటే ఒళ్లు మండుతాది. ఈ మనిషి వంకలు మానాలని సింహాసలంలో మొక్కుకున్నది నానే గదా, పెళ్లైన కొత్తలో. అంత పాత మొక్కు దేవుడు ఇప్పుడు తీర్సేడేమోనని ఆ దేవుడి మీదా అనుమానమే నాకు. ఒక్కపూట "ఏటే ఇది, నోట్లో ఎట్టుకునీలాగ ఉన్నాదా" అని గిన్నె తోసీమను, ఆ పూటే ఎల్లి కొబ్బరికాయ కొడతాను.

అదిగో, గేటు సప్పుడు. ఆపీ, ఆపీ ఫోను. ఉండు, ఒక్క మాట. నీకు పెళ్లయ్యేక, నువ్వొండినా ఆడొండినా, ఉప్పెక్కువైందని ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటా తినాలమ్మా. నిండా నూరేళ్లూ...