అత్తగారి విద్య

కుట్టుషాపులో వదిన చొక్కా గుడ్డ కత్తిరిస్తోంది. పుట్టింటికి వచ్చేసిన ఆడపడుచు ఎదురుగా కూర్చుని గుండీలు కుడుతోంది.

"అత్తయ్యలాంటి మనిషి ఉండరు. కత్తెర చేతికొస్తే ఎవరి దయా అక్కర్లేదని దగ్గర కూర్చోబెట్టి నేర్పారు."

"నాకు అమ్మ గుండీలతో సరిపెట్టింది వదినా. పెళ్ళై పోయేదానికి కత్తెరెందుకంది."

"అప్పటి రోజులు వేరులే."

"మా ఆయన కొట్టాడని వస్తే సర్దుకుపొమ్మని బస్సెక్కించింది. అన్నయ్య నీమీద చెయ్యెత్తితే ఏం చేసింది?"

"వారం రోజులు ఆయన్ని గడప తొక్కనివ్వలేదు."

ఆడపడుచు చేతిలో సూది ఆగింది.

"ఈసారి నేను తిరిగి వెళ్ళను. నాకు కత్తిరించడం నేర్పు."

వదిన తల ఎత్తలేదు.

"అత్తయ్య నేర్పొద్దన్నారు. చేతిలో పనుంటే నువ్విక కాపురానికి వెళ్ళవట."