నజ్మా బ్రాంచి

“కంప్యూటర్ అని కొట్టు ఇలియాసూ. ఇంగ ఆలోచించేదేముంది?”

ఆళ్లగడ్డలో కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టే మాబాషా, ఇంటర్ పాసైన కూతురు నజ్మాను వెంటబెట్టుకొని నంద్యాలకొచ్చాడు. ఇంజనీరింగ్ ఆప్షన్లు పెట్టడానికి సాయంత్రం ఐదింటిదాకే గడువు. నెట్ సెంటరు అతని అన్న కొడుకు ఇలియాసుది. ఏ బ్రాంచి మంచిదో బస్సెక్కకముందే తేల్చేసుకున్న మాబాషాకు, దారి పొడుగునా కూతురు నోరు విప్పకపోవడం ఒప్పుకున్నట్టే అనిపించింది.

“ఏ కంప్యూటర్ చిన్నాయనా?”

“కంప్యూటర్లో మళ్ళ ఎన్ని రకాలప్పా?”

“ఉత్త కంప్యూటర్ ఒకటి. ఏఐ ఒకటి. డేటా సైన్స్ ఒకటి, సైబర్ సెక్యూరిటీ ఒకటి. కొన్ని కాలేజీల్లో నాలుగింటికీ సారు ఒకడే, బోర్డులు మటుకు నాలుగు.”

“అన్నీ పెట్టు. ఏది పెద్దగా వినబడితే అది ముందర పెట్టు.”

“నాయనా, నేను ఎలక్ట్రికల్ అన్నా గదా.”

“అన్నావులే. ఇన్నా.”

“విన్నావు, మళ్ళ?”

“ఇన్నా అంటే పెడతా అని కాదు. ఇలియాసూ, నువ్వు చదివింది కంప్యూటరే గదప్పా, రోంత చెప్పు దీనికి.”

“కంప్యూటరే చిన్నాయనా. ఫస్ట్ క్లాసు.”

“ఇన్నావా పాపా?”

“విన్నా. ఇప్పుడు ఆధార్ కార్డులు జిరాక్స్ తీస్తాండావు గదన్నా?”

“ఏందీ, ఎగతాళా?”

“కాదన్నా, ఊరికే అడిగినా.”

“బెంగళూరులో ఏడాదిన్నర చేసినా నేను. వాళ్ళు పొమ్మన్లేదు. నేనే వచ్చేసినా.”

“నువ్వే వచ్చేసినావా?”

“నేనే. అంటే వాళ్ళు రోంత... నేనే వచ్చేసినా అనుకోరాదా.”

“వాని సంగతి ఇడ్సిపెట్టు పాపా. నువ్వు ఎలక్ట్రికల్ చదివి ఏం జేస్తావ్? కరెంటు స్తంభాలెక్కుతావా?”

“ఎక్కేవాళ్ళకు పని చెప్పే ఉద్యోగం నాయనా అది.”

“ఓహో. కింద నిలబడి, ఎక్కురా నాయనా ఎక్కు అంటావు.”

“సబ్‌స్టేషన్లుండాయి. సోలార్ ప్లాంట్లుండాయి. కర్నూలు పోయేటప్పుడు ఎన్ని ఎకరాల్లో పలకలు పరిచినారో చూస్తివి గదా.”

“చూసినా. ఎండలో ఆ పలకలు తుడిచేవాళ్ళను గూడా చూసినా.”

“చిన్నాయన చెప్పేదీ నిజమే నజ్మా. ఎలక్ట్రికల్ క్లాసులో ఆడపిల్లలు నలుగురో ఐదుగురో ఉంటారు.”

“కంప్యూటర్ క్లాసుల్లో?”

“వందమంది ఉంటారు.”

“వాళ్ళలో ఎంతమందికి ఉద్యోగాలొస్తాయన్నా?”

“ఒకటో నంబర్లో ఏ కాలేజీ పెట్టమంటావు చిన్నాయనా?”

“తిరుపతి పక్క ఏదో అంటివే, ఏసీ బస్సులుండాయని. అది పెట్టు.”

“ఆడ కంప్యూటర్ వస్తాది. ఎలక్ట్రికల్ గూడా వస్తాది ఈమె ర్యాంకుకు.”

“ఎలక్ట్రికల్ సంగతి నిన్నెవరడిగినారు?”

“ఊరికే చెప్పినాలే.”

“తిరుపతి వద్దు నాయనా. ఈడే నంద్యాలలో ఎలక్ట్రికల్ వస్తాది. పొద్దున బస్సెక్కితే గంట. సందకాడికి ఇంట్లో ఉంటా.”

“సందకాడికి ఇంటికి రావాలంటే ఇంజనీరింగ్ ఎందుకు, మేకలు తోలుకొని పో. నిన్ను ఆ ఊరు దాటించల్లని గదా నేను పాకులాడేది. ఆ గ్రీజు, ఆ రాగితీగ, ఆ వార్నిష్ కంపు నాతోనే పోనీ.”

“నాకు ఆ వార్నిష్ వాసన బాగుంటది.”

“బాగుంటది. పండగకు అత్తరు బదులు అదే పూసుకో.”

“చిన్నాయనా, నాలుగున్నర దాటింది. ఇంగ రోంతసేపుంటే సైటు తెరుచుకోదు.”

“కొట్టప్పా కంప్యూటర్ అని, నిన్ను పట్టుకున్నదెవరు?”

“కొట్టద్దన్నా. నాయనా, నాకు ఆ పని వచ్చు. వచ్చిన పని గురించే చదువుకుంటా అంటాండా.”

“ఏం వచ్చు నీకు? నా పక్కన కూచోని తీగ అందిచ్చినావ్. తీగ అందిచ్చినోళ్ళంతా ఇంజనీర్లయితే, ఆఫీసుల్లో టీ ఇచ్చేటోళ్ళు కలెక్టర్లు కావల్ల.”

“తీగ అందియ్యడమే కాదు.”

“మళ్ళ ఇంకేంది? ఏడాది నుంచి మన అంగట్లోనుంచి పోయిన మోటారు ఒక్కటన్నా కాలిపోయి తిరిగొచ్చిందా?”

“రాలేదు.”

“ఎందుకు రాలేదు?”

“ఆప్షన్ పెట్టనీ నాయనా.”

“ఎందుకు రాలేదో చెప్పు. ఇలియాసు గూడా ఇంటాడు. ఆ పనితనం చేతిలో ఉండేది పాపా, కాలేజీలో చెప్పేది కాదు.”

“ఇంటికి పోయినాక చెప్తా.”

“ఈడే చెప్పు. సిగ్గేంది?”

“అన్నా, నువ్వు రోంతసేపు బయటికి పోతావా?”

“నా సెంటర్లోనుంచి నేనా?”

“పోవద్దు ఇలియాసూ, కూచో. చెప్పు పాపా.”

“నీకు ఎర్రతీగ, పచ్చతీగ ఒకే మాదిరి కనపడతాండాయి నాయనా. ఏడాదాయె. ఒకదానికి కట్టల్సింది ఇంకోదానికి కడతాండావు. పొద్దున నువ్వు నమాజుకు పోయి, టీ తాగి వచ్చేలోగా నేను అవన్నీ విప్పి మళ్ళ కడతాండా.”

“చిన్నాయనా... నీళ్ళేమన్నా తాగుతావా?”

“వద్దప్పా.”

“నాయనా, ఇందుకే ఇంట్లో చెప్తా అంటి.”

“నాకు తెలుసులే.”

“ఏం తెలుసు?”

“నేను వేసిన ముడేదో, నువ్వు వేసిన ముడేదో చేతికి తెలీదా? కండ్లు మసకబారినాయి గానీ వేళ్ళు బాగుండాయి. నీది నాకంటే గట్టి ముడి.”

“తెలిసి గూడా ఇంతసేపు నన్ను ఎగతాళి చేసినావా?”

“మంచిగా చెప్తే ఇనవని చేసినా. నువ్వు నంద్యాల అనేది ఎందుకో తెలీనంత పిచ్చోణ్ణా నేను? సందకాడికి వచ్చి, పొద్దున లేసి, నాలుగేండ్లు నేను కట్టిన తప్పులు విప్పుకుంటా కూచునేదానికి గదా.”

“అంగడి కోసమే కాదు నాయనా. నాకు ఆ చదువు ఇష్టం.”

“నిజమేనా?”

“నిజం.”

“చిన్నాయనా, పదైదు నిమిషాలే ఉండాయి. నీ ఫోనుకు ఓటీపీ వచ్చింటది, అంకెలు చదువు.”

“ఫోన్ పాప చేతికియ్యి, ఆ అంకెలు నాకు కనపడవు. ఎలక్ట్రికలే కొట్టు ఇలియాసూ. నంద్యాలలో మటుకు వద్దు, తిరుపతిలో కొట్టు. రేపట్నుంచి నేను అంగడి తెరవను.”