తారుమారైన రెండు డబ్బాలు

హలో… ఆ, నేనేరా, బావని… ఏంటీ! నీ మూలకాల గోడ మీద డబ్బాలు ఎవరో తారుమారు చేశారా?

అయ్యయ్యో… ఎప్పుడూ?… తెల్లారి చూస్తే అలా ఉన్నాయా… ఎన్ని?… రెండేనా? రెండు డబ్బాలకే ఇంత కంగారెందుకు బావమరిదీ?

ఆఁ?… నీ గోడ చూడ్డానికి పిలిచిన ముఖ్య అతిథి అప్పుడే వచ్చేశాడా? ఇంకా టైముందిగా… ఆ ప్రొఫెసర్లంతేలే. పిలిచిన వేళకి ముందే దిగి కొంప ముంచుతారు.

చూసేశాడా!… ఏమన్నాడూ?… "ఈ గోడ పేర్చినవాడికి ఆవర్తన పట్టిక అంటే ఏంటో తెలుసా" అన్నాడా… పిల్లల ముందే?… చ్చొచ్చొచ్చొ.

లేదురా, నవ్వెందుకొస్తుంది? దగ్గు. జ్వరమని సెలవు పెట్టాను కదా.

మరి ప్రిన్సిపాల్ మేడమ్?… నిన్ను పర్మినెంట్ చేస్తూ ఇవాళే సంతకం పెడతానంది కదా… ఆలోచిస్తానందా? ఆలోచిస్తానందంటే అయిపోయినట్టేరా. ఆవిడ ఆలోచిస్తానన్న లాబ్ కొత్త కుళాయి కోసం నేనింకా ఎదురుచూస్తున్నాను.

ఊరుకో, ఊరుకో… మగాడివి, పిల్లలు చూస్తారు.

నేను ముందే చెప్పానా లేదా? గాజు తలుపులెందుకురా, ఒక్కో డబ్బాలో ఒక్కో మూలకమెందుకు, వెనకాల లైట్లెందుకు, ఇదేమన్నా నగల దుకాణమా అన్నాను. ఇరవై ఏళ్ళు నల్లబల్ల మీద సుద్దముక్కతో గీశాను. నా దగ్గర ఒక్క మూలకమైనా గడి తప్పిందా?

పోనీ డబ్బాల మీద పరమాణు సంఖ్య వెయ్యరా అంటే విన్నావా? పిల్లలే వరస కనిపెట్టాలన్నావు. గుర్తూ బరువూ రాసి ఊరుకున్నావు… కొత్త పద్ధతి! కొత్త పద్ధతికి కొత్త చిక్కులే వస్తాయి మరి.

ఎవరో మార్చారంటే నమ్మట్లేదా? ఎలా నమ్ముతార్రా? చూసేవాడికి బరువులు వరసగా పెరుగుతూ కనపడతాయి. వీడు బరువు చూసి పేర్చుకుపోయాడు, వరస నడిచేది లోపలి ప్రోటాన్ల లెక్కతో అని వీడికి తెలీదు, అనుకుంటారు. నేనైనా అలాగే అనుకుంటాను.

సరే, ఏడిస్తే ఏమొస్తుంది? అయోడిన్‌ని తీసి మళ్ళీ బ్రోమిన్ కింద పెట్టు. టెల్లూరియాన్ని దాని ముందు గడిలోకి జరుపు. చిటికెలో పని… 

ఆఁ?… ఏమడుగుతున్నావు?

ఏ డబ్బాలో నాకెలా తెలిసిందా? నువ్వే చెప్పావుగా… చెప్పలేదా?… "రెండు డబ్బాలు" అన్నావంతేనా… 

అబ్బా, ఊహించాన్రా! బరువెక్కువైంది ముందూ, తక్కువైంది వెనకా ఉండేది అక్కడేగా… ఆఁ, కోబాల్టూ నికెలూ కూడా… అవును, ఆర్గాన్, పొటాషియం కూడా. ఒప్పుకున్నాను. ఏదో ఒకటి అన్నాను, తగిలింది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు.

గాజు పగల్లేదా?… తాళం వేసింది వేసినట్టే ఉందా… ఉంటే?… లాబ్ ఇన్‌చార్జిని నేను, తాళాలు నా దగ్గర కాక పక్కింటాయన దగ్గరుంటాయా?

ఏంట్రా ఆ అడగడం? పిల్లనిచ్చినవాళ్ళు అల్లుణ్ణి నిలదీసే పద్ధతిదేనా?

అక్కకెందుకు ఫోను?… పడుకుంది… ఆ చప్పుడా? వంటింట్లో గిన్నెలు. పడుకున్నది లేచింది, చాలా? ఇవ్వను. ఇవ్వనన్నానా!

…మెల్లగా మాట్లాడు. నేనూ మెల్లగానే అంటున్నాను.

నీకేం తెలుసురా నా బాధ? ఇన్నేళ్ళలో మీ అక్క నా లాబ్ గడప తొక్కలేదు. రమ్మంటే యాసిడ్ కంపు అనేది. మొన్న నీ గోడ చూడ్డానికి బీరువాలో బట్టలన్నీ మంచం మీద గుమ్మరించి, మంచివి ఏరి కట్టుకుని మరీ వచ్చింది. యాసిడ్ కంపు ఏ గాలికి పోయిందో! గాజు మీద చెయ్యి ఆనించి, "మా తమ్ముడు చేశాడు" అని అటెండరుతో చెప్పింది. నేను పక్కనే ఉన్నాన్రా. ఫ్యూజు పోతే మార్చడానికొచ్చినవాడిలా నిలబడ్డాను.

ఇంటికొస్తే వడ్డిస్తూ నీ గోడ, చెయ్యి కడుక్కుంటుంటే నీ గోడ. పిల్లలు నిన్ను గోడ సార్ అంటున్నారు. నన్నేమంటున్నారో తెలుసా?… తెలుసా నీకు? మరి చెప్పలేదేం?… పాత సార్. నేను బతికుండగానే పాత సార్!

కడుపు మండదా? అసలు నీకు పరమాణువంటే ఏంటో చెప్పిందెవడు? మా పెళ్ళయిన కొత్తలో నిక్కరు జారిపోతుంటే పట్టుకు తిరిగేవాడివి. నా చొక్కా గుండీలు తెంపి నేల మీద పేర్చి, ఇది కేంద్రకం, ఇవి చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లు, బయటి కక్ష్యలో ఏడుంటే ఇంకొక్కదాని కోసం ఊరంతా తిరుగుతుంది, అయోడిన్ కథ అదీ అని… ఆ గుండీలకి మీ అక్క నన్నెంత తిట్టిందో!

…ఏంటీ?

ఎవరితో అన్నావు?… ప్రొఫెసర్‌తోనా? "ఎవరు నేర్పారు నీకు" అంటే… "మా బావ" అన్నావా? ఆ తప్పు చూపించి అడుగుతుంటే నా పేరెందుకు చెప్పావురా తింగరోడా!

ఏమన్నాడు?… "అయితే మీ బావకీ రాదన్నమాట"… నాకు రాదా? నాకు? వాడెవడురా నాకు రాదనడానికి!… నవ్వారా… టీచర్లందరూ నవ్వారా…

నేనలా నేర్పలేదని చెప్పు. ఇప్పుడే వెళ్ళి చెప్పు. బరువుతో కాదు, ప్రోటాన్ల లెక్కతోనే నేర్పాడని… ఆఁ?

…మరి డబ్బాలు ఎవరు మార్చారంటే ఏం చెప్పాలంటావా.

తెలివి మీరావురా. నా దగ్గర నేర్చుకున్నదేగా.

ఏంటీ, చెప్పవా?… నా పేరు నువ్వు చెప్పవు. ఎవరితోనూ?… ఉద్యోగం పోయినా?… అక్కతో కూడా… 

అలా అనకురా. తిట్టు. నాలుగు తిట్టు, పడతాను. ఇలా మంచివాడివైపోతే నేనెక్కడ చావను? అదీ నువ్వే గెలవాలా?

ఎవరది వెనకాల?… మేడమా? నాతో మాట్లాడతానంటోందా?… ఏమో, లేడని చెప్పు. జ్వరమని… స్పీకర్లో పెడుతోందా? ప్రొఫెసర్ కూడా ఉన్నాడా? ఒరేయ్, ఫోనివ్వకు, ఒరే…

…నమస్కారం మేడమ్… ఆ, తగ్గింది… అంటే, అసలు రాలేదు మేడమ్ జ్వరం.

అవునండీ, చిన్నప్పుడు వాడికి నేనే నేర్పాను… లేదండీ, బరువుతో కాదు. ప్రోటాన్ల లెక్కతోనే… వాడికి తెలుసు మేడమ్… బాగా తెలుసు… ఏం చెప్పమంటారు, నాకంటే బాగా తెలుసు.

పొరపాటు కాదండీ. పొరపాటైతే ఏదో ఒకటి అలా ఇలా అయ్యేది. టెల్లూరియం బరువెక్కువైనా ముందుండాలని తెలిసినవాడే, చూసేవాళ్ళు వాడి అజ్ఞానమనుకోవాలని కావాలనే మార్చాడు.

నేనే మేడమ్. నిన్న సాయంత్రం అందరూ వెళ్ళాక నా తాళంతో తీసి, మార్చి, మళ్ళీ వేశాను. వాడికేం సంబంధం లేదు. మీరు సంతకం పెట్టండి… నా సంగతి రేపొచ్చి నిలబడతాను, మీ ఇష్టం… ఉంటానండీ… 

ఎందుకా?

…బాగుంది మేడమ్ వాడి గోడ. అంత బాగుంటే చూడలేక మార్చాను.