ముంబయిలో ఉండే నా నోరు

ఒట్టు వదినా, ఆ మాట నేననలేదు. ముందు కూచో. ఊత్తుకోట నుంచి అన్నతో కలిసి ఎండలో బస్సెక్కి వచ్చినావు, నీళ్ళన్నా తాగు.

తాగవా? సరి.

మీ అత్త కుప్పమ్మ ఫోటోకి దండ వేసి, దీపం పెట్టి, నువ్వు మన ఫ్యామిలీ గ్రూపులో పెడితివి. దాని కింద నా పేరుతో "సూపర్ వదినా! చాలా బాగుంది" అని పడింది. గులాబీ పూలు కూడా. చుట్టాలందరూ చూసినారు. ఆమె కరుమాది కర్మలు ముగియంగానే, తమ్ముడి ఇంటి గడప ఇంక తొక్కనని చెప్పిపోయేదానికి వచ్చినావు. నీ తప్పేముంది?

కానీ అన్నది నేను గాదు. మిషను.

అట్ల చూడొద్దు. నాకు మాటలు తక్కువని నీకు తెలియదా? తెల్లారితే గ్రూపులో ఫోటోలు. ఆరంబాక్కం పిన్నమ్మ చేపల పులుసు. తామరైపాక్కం మామ కొత్త ట్రాక్టరు. జవాబియ్యకుంటే పొగరంటారు. నా అవస్థ చూసి మా పాప తనుశ్రీ ఒక ప్రోగ్రాం రాసిచ్చింది. ఫోటో వస్తే చాలు, పెట్టినోళ్ళ వరస చేర్చి నా పేరుతో అదే జవాబిస్తుంది. పులుసో, చావో, దానికేం తెలుసు?

నమ్మవు గదా. పక్కకి రా, చూపిస్తాను.

అది రాసిన పాత ల్యాప్‌టాప్ మీద నేనే రసం ఒలకబోసినాను. ఇప్పుడు పైన, క్లౌడులో నడిచేదొక్కటే మిగిలుండాది. దాన్ని కిందికి దించితే లోపల ఏం రాసుండాదో చదవచ్చునంట. ఏం కొట్టాలో నా బిడ్డ ఆఫీసు నుంచి పంపించింది. ఈ నల్ల స్క్రీనులో అతికిస్తే సరి.

ఇదో, కొట్టినాను.

"అట్లాంటిది ఇక్కడ లేదు." అయ్యో సామీ! లేకుండా యాడికి పోయింది?

ఉండు, తనుశ్రీ జవాబు పెట్టింది. ఏ ఊర్లో ఉండాదో కూడా చెప్పాలంట. ముంబయిలో ఉండాదంట! విన్నావా? నేను ఈ తిరుత్తణి దాటలేదు. ఆ మాట పుట్టింది ముంబయిలో.

ముంబయి చేర్చి కొడితే... "నీకు పర్మిషన్ లేదు." నా నోరు చూసుకునేదానికి నాకు పర్మిషన్ లేదంట! ముక్కు విరవొద్దు వదినా, పాప ఆడ్నించి తలుపు తీస్తుంది.

తీసింది. మళ్ళీ కొడతా. ఆ! ఇంగ్లీషు వాన మాదిరి కురిసింది. అందులో ఒక లింకు. బిరబిర నొక్కాలి, కాసేపైతే చచ్చి... అదే, చెల్లకుండా పోతుందంట.

దిగింది! జిప్పు విప్పినాను. చదువు. ఫోటో వస్తే అని ఇంగ్లీషులో ఉండాది, పక్కనే నీ వరసకి కొటేషన్ల మధ్య మన మాట. సూపర్ వదినా, చాలా బాగుంది. చూసినావా? తప్పు నాది గాదు. మూసేస్తా.

చెయ్యి ఎందుకు పట్టుకుంటావు? కిందికి జరపాల్నా? వద్దులే.

"తిన్నావా వదినా?" ఊఁ, అదీ ఇందులోదే. "ఒళ్ళు జాగ్రత్త వదినా." అదీ. నీకు మోకాలు నొప్పన్న రోజు వచ్చిన "ఆ నొప్పి నాకు రాకూడదా"... అది చదివి ఏడిచినావా? నొప్పి అనే మాట కనబడితే ఎవరికైనా అదే పంపుతుంది. ట్రాక్టరు మామకీ పోయింది.

ఒక మాట నాది గాదని చూపించబోతే, ఒక్కటీ నాది గాదని తేలిపోయె.

ఏమంటివి? నా సొంత మాటంటూ ఏదైనా ఉండాదా అనా?

ఉండాది. దగ్గరికి రా. అన్న వాకిట్లో మీ తమ్ముడితో మాట్లాడతాండాడు. ఇది మీ అత్త, వాళ్ళమ్మ సంగతి, ఆయన చెవిన పడకూడదు.

నీకు పెట్టిన చీరలన్నీ మీ అత్తే కట్టింది. నేను ఫోను చేస్తే నీ చేతిలోంచి లాక్కొని ఆమే మాట్లాడింది. పెండ్లయి ఇన్నేండ్లు, నిన్ను ఈ ఇంట్లో ఒక్క రాత్రి పండుకోనియ్యలేదు. ఆ ఫోటోలో, దండ కింద, ఆమె నోరు మూసుకొని ఉండేది మొదటిసారి చూసినాను.

మిషను రాసిన మాట కూడా అప్పుడే చూసినాను. చెరిపేదానికి ఫోను చేతికెత్తినాను. వేలు దాని మీదికి పోయింది.

చెరపలేదు వదినా. ఫోటో మళ్ళీ చూసినాను. నాకూ బాగుందనిపించింది.

ఇంక లేచి పో. గడప తొక్కొద్దు. చుట్టాల చేత మాటలు నేను అనిపించుకుంటాను.

ఏమి, భుజాలు అదురుతాండాయి? ఏడవొద్దు వదినా, నా మాటకి ఏడవొద్దు...

అమ్మా తల్లీ, నవ్వా! కొంగు అడ్డం పెట్టుకో. గట్టిగా పెట్టుకో. అన్న లోపలికి వస్తాండాడు.