కిటికీ దగ్గర ఆగే కుర్చీ

నన్ను మీ ఇంటికి తీసుకుపోదామనే వచ్చావు కదూ? సరేలే, ఈ కుర్చీలో కూర్చుని మీట నొక్కాను, నాతో పాటు మెల్లగా మెట్లెక్కుతూ రా, చెప్తాను. ఇది మీ అమ్మమ్మ కుర్చీ. మా అక్క అని చెప్పడం కాదుగానీ, ఆవిడ కాజా కుట్టిందంటే చొక్కా పీలికలైపోయినా కాజా మాత్రం నిక్షేపంలా ఉండేది! కుట్టుమిషనేమో మేడ మీద, మోకాళ్లేమో మెట్టు చూస్తేనే ఏడుపు మొహం పెట్టేవి. అప్పుడు బిగించారు, గోడ వెంట పట్టాలు వేసి, కరెంటుతో మెట్లెక్కే ఈ కుర్చీని. దీని నడక చూస్తున్నావుగా? నత్తలు దాటిపోయి, వెనక్కి తిరిగి నవ్వేవి. కింద కత్తిరించిన చొక్కా పైకి చేరేసరికి బొత్తాలతో సహా తయారు!

మీ అమ్మకి మాత్రం నమ్మకం లేదు. "ఒక్కదానివే ఎలా ఉంటావే అమ్మా? మిషను అమ్మేసి మా ఇంటికొచ్చెయ్" అని ఒకరోజు పెట్టె పట్టుకుని మరీ వచ్చింది. అక్క "ఎలా ఎక్కుతానో చూసి అప్పుడు చెప్పవే" అని మహారాణిలా కూర్చుని మీట నొక్కింది. సగం దూరం వెళ్లింది. టక్. కరెంటు పోయింది. చుట్టపుచూపుగా వచ్చిన నేను కింద టీ గ్లాసుతో కొయ్యబారిపోయాను. ఇంకేముంది, మిషను అమ్ముడుపోయిందనుకున్నా. ఆవిడ అరిచిందా, పిలిచిందా? ఒళ్లో చొక్కా విప్పి, "ఇక్కడ ఎప్పుడూ కాసేపు ఆగుతానే. ఈ కిటికీ వెలుతురులో కాజాలు బాగా కుదుర్తాయి. నువ్వూ కూర్చో" అంది. ఆ ధీమాకి బయట ఎండ కూడా కదలడం మానేసింది. మీ అమ్మ వంగి కింద గదిలో ఫ్యాను చూసింది. ఆగిపోయి ఉంది. అయినా పెట్టె పక్కన పెట్టేసిందమ్మాయ్. ఇదిగో, నువ్వు నిలబడ్డ మెట్టు మీదే కూర్చుంది. సూది లోపలికీ బయటికీ, చొక్కా మీద వెలుతురు నీళ్లలా ఊగుతూ... మీ అమ్మ తల వాళ్లమ్మ మోకాలి మీద వాలింది, చిన్నప్పుడు మిషను కింద గుడ్డముక్కల మీద నిద్రపోయేదే, అలా. ఇల్లంతా నిద్రపోయింది, గోడ గడియారం గురక పెట్టింది. కరెంటు ఎప్పుడొచ్చిందో, ఫ్యాను తిరుగుతోంది. అక్క మీట నొక్కితేనా! పిల్ల లేస్తుందని అలాగే కూర్చుంది. సాయంత్రం మీ అమ్మ ఖాళీ పెట్టె తీసుకుని వెళ్తూ, "కిటికీ దగ్గర ఆగినప్పుడు కాళ్లకి చలేస్తుంది, దుప్పటి ఉంచుకో" అంది. అంతే.

ఏంటలా చూస్తావు? ఆగిపోలేదే, నేనే ఆపాను. ఇక్కడ వెలుతురు బాగుంటుంది. ఆ ఫ్యానుతో నీకేం పనిగానీ, కూర్చో, ఈ సూదిలో దారం ఎక్కించు.